పెషావర్, 1930: కాల్పులకు నిరాకరించిన గఢ్వాలీ సైనికులు – తరచుగా అడిగే ప్రశ్నలు

1930 ఏప్రిల్‌లో పెషావర్ నగరంలో నిరాయుధులైన జనం మీద తుపాకి ఎక్కుపెట్టబోమని రాయల్ గఢ్వాల్ రైఫిల్స్ సైనికులు కొందరు తెగేసి చెప్పారు. ఉప్పు సత్యాగ్రహం చర్చకు వచ్చినప్పుడల్లా ఈ సంఘటన ప్రస్తావన వస్తుంది, వచ్చిన ప్రతిసారీ దాదాపు అవే సందేహాలు ఎదురవుతాయి. వాళ్లు వీరులా, విశ్వాసఘాతకులా అన్న దగ్గర మొదలై గాంధీ వాళ్లను ఎందుకు సమర్థించలేదన్న దగ్గరికి చర్చ చేరుతుంది. ఆ సందేహాలకు నాకు నిశ్చయంగా తెలిసినంత మేర జవాబులు ఇక్కడ రాశాను. ఏ ప్రశ్నను ఆ ప్రశ్నగా విడిగా చదువుకోవచ్చు, అందువల్ల కొన్ని వివరాలు ఒకటికి రెండుసార్లు కనిపిస్తాయి.

## సంఘటనకు ముందు

గఢ్వాల్ రైఫిల్స్ అంటే ఎవరు? వాళ్లు పెషావర్‌లో ఏం చేస్తున్నారు?

ఇప్పటి ఉత్తరాఖండ్‌లోని గఢ్వాల్ కొండ ప్రాంతపు రైతు కుటుంబాల నుంచి బ్రిటిష్ ప్రభుత్వం చేర్చుకున్న పటాలం అది. దాని కేంద్రం లాన్స్‌డౌన్. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ రణరంగంలో ఈ పటాలానికి చెందిన దర్వాన్ సింగ్ నేగీకి, గబర్ సింగ్ నేగీకి విక్టోరియా క్రాస్ దక్కింది. యుద్ధంలో చూపిన పరాక్రమానికి గుర్తింపుగా 1921లో పటాలం పేరుకు 'రాయల్' చేరింది. అంటే 1930 నాటికి ప్రభుత్వం దృష్టిలో ఇది అత్యంత నమ్మకమైన దళాల్లో ఒకటి. అఫ్గానిస్తాన్ సరిహద్దుకు దగ్గరలో ఉన్న పెషావర్ పెద్ద సైనిక స్థావరం కాబట్టి పటాలాలను వంతులవారీగా అక్కడికి పంపుతుండేవారు. అలా ఆ ఏడాది అక్కడున్నది ఈ పటాలపు రెండో బెటాలియన్.

చంద్రసింగ్ గఢ్వాలీ ముందునుంచీ కాంగ్రెస్ మనిషేనా?

ఆ నిరాకరణకు ముందు నిలిచిన చంద్రసింగ్ పార్టీ మనిషి కాదు, వృత్తి సైనికుడు. 1914లో సైన్యంలో చేరి, ఫ్రాన్స్‌లోనూ మెసపటేమియాలోనూ పోరాడి, 1930 నాటికి క్వార్టర్‌మాస్టర్ హవల్దార్ హోదాకు వచ్చారు. యుద్ధానంతర కాలంలో ఆర్యసమాజ భావాలు, జాతీయోద్యమ వార్తలు ఆయనను ప్రభావితం చేశాయి. దేశంలో ఏం జరుగుతోందో తెలుసుకోవాలన్న తపనతో పత్రికలు చదివేవారని, బారకాసులో తోటి సిపాయిలతో వాటి గురించి మాట్లాడేవారని ఆయన జీవిత చరిత్ర చెబుతుంది. సైనికుడిగా పదహారేళ్లు గడిచిన మనిషి, పింఛను కళ్లముందు కనిపిస్తున్న మనిషి ఆ నిర్ణయం తీసుకున్నాడన్నది గుర్తుంచుకోవాలి. కుర్రతనపు ఆవేశం అన్న మాట ఆయనకు అతకదు.

హిందూ సైనికులను కావాలనే ముస్లిం పఠాన్ల మీదికి పంపారా?

1857 తరువాత భారత సైన్యాన్ని కులం, మతం, ప్రాంతం ఆధారంగా విడివిడి దళాలుగా నిర్మించడం ప్రభుత్వ విధానం. ఒక ప్రాంతపు జనాన్ని అణచడానికి ఆ జనంతో ఏ బంధుత్వమూ లేని దళాన్ని వాడితే సానుభూతి అడ్డు రాదన్నది ఆ విధానం వెనుక ఉన్న ఆలోచన. పెషావర్ జనాభాలో అత్యధికులు ముస్లింలు, గఢ్వాలీలు హిందువులు. ముస్లింలు హిందువుల దుకాణాలను దోచుకుంటున్నారని, వారిని కాపాడటానికే నగరంలోకి వెళ్లాల్సి రావచ్చని అధికారులు ముందుగా సిపాయిలకు నూరిపోశారని చంద్రసింగ్ తరువాతి కాలంలో చెప్పారు. ఇది కాంగ్రెస్‌కు, సర్కారుకు మధ్య తగాదా తప్ప రెండు మతాల మధ్య తగాదా కాదని ఆయన తోటివారికి వివరించారట. ఆ సంభాషణల్లో ఏ మాట ఎవరు అన్నారో అక్షరాలా నిర్ధారించలేం. పరాయివాళ్లే కదా, వీళ్లు వెనకాడరులే అన్న సర్కారు లెక్క మాత్రం ఆ రోజు తప్పింది.

## ఆ రెండు రోజులు

1930 ఏప్రిల్ 23న పెషావర్‌లో అసలు ఏం జరిగింది?

అది బుధవారం. ఉప్పు చట్టాన్ని ఉల్లంఘించి గాంధీ దండిలో పిడికెడు ఉప్పు తీసి రెండున్నర వారాలైంది. పెషావర్ ఉన్న వాయవ్య సరిహద్దు రాష్ట్రంలో ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్ 1929లో స్థాపించిన ఖుదాయీ ఖిద్మత్‌గార్ దళం అహింసా ప్రతిజ్ఞతో పనిచేస్తోంది. 23న గఫార్ ఖాన్‌నూ, పెషావర్ కాంగ్రెస్ నాయకులనూ అరెస్టు చేయడంతో కిస్సా ఖ్వానీ బజారులోకి జనం వేలాదిగా వచ్చారు. కథలు చెప్పేవారి బజారుగా పేరుపడ్డ ఆ ఇరుకు వీధిలోకి ఆర్మర్డ్ కార్లు దూసుకొచ్చాయి, వాటి కింద పడి మనుషులు నలిగిపోయారు. మోటార్‌సైకిల్ మీద వచ్చిన ఒక బ్రిటిష్ సైనికుడు చనిపోయాడు, ఒక ఆర్మర్డ్ కారు తగలబడింది. ఆ తరువాత కాల్పులు మొదలయ్యాయి, విరామాలతో గంటల తరబడి సాగాయి.

గఢ్వాలీల దళం జనానికి ఎదురుగా నిలిచి ఉన్నప్పుడు కెప్టెన్ రికెట్స్ కాల్పులకు ఆజ్ఞ ఇచ్చాడని, పక్కనే ఉన్న చంద్రసింగ్ 'గఢ్వాలీ, సీజ్ ఫైర్' అని గట్టిగా అరిచారని, సిపాయిలు తుపాకులు దించేశారని ఇప్పటికీ గఢ్వాల్‌లో చెప్పుకుంటారు. అది ఆయన స్వయంగా చెప్పిన కథనం కూడా.

వాళ్లు నిరాకరించింది 23న అంటారు, 24న అంటారు. ఏది నిజం?

రెండు కథనాలూ ఉన్నాయి, రెండూ ఒకదాన్నొకటి కొట్టివేయవు. బజారులో ఆజ్ఞ వచ్చిన క్షణంలో తుపాకులు దించడం గఢ్వాలీల జ్ఞాపకంలో ప్రధాన ఘట్టం. ప్రభుత్వ కథనం మాత్రం 24వ తేదీ మీద నిలబడుతుంది. ఆ రోజు రెండు ప్లటూన్ల సైనికులు మళ్లీ నగరంలోకి విధి నిర్వహణకు వెళ్లబోమని చెప్పి, తమను సైన్యం నుంచి విడుదల చేయమని కోరారు. దేశానికి బయటి నుంచి వచ్చే శత్రువుతో పోరాడటానికి తాము చేరామని, చేతిలో ఆయుధం లేని సోదరులను కాల్చడం తమ పని కాదని వారు చెప్పిన కారణం.

నా ఉద్దేశంలో నైతికంగా 24వ తేదీయే మరింత బరువైనది. 23న జరిగినది ఒక్క క్షణపు స్పందన అనుకున్నా, మర్నాటి నిర్ణయం ఒక రాత్రంతా ఆలోచించి, ఏం జరగబోతోందో తెలిసి, నలుగురూ కూడబలుక్కుని తీసుకున్నది. బజారులో గందరగోళం ఉంది, ఎవరు ఏ ఆజ్ఞ విన్నారో వినలేదో వాదించుకోవచ్చు. బారకాసు ముందు వరుసలో నిలబడి, అధికారి ముఖం చూస్తూ, 'మేం రాము' అని చెప్పడంలో అలాంటి సందిగ్ధత ఏదీ లేదు.

గఢ్వాలీలు కాల్చకపోయినా జనం చనిపోయారు కదా. మరి వాళ్లు సాధించిందేమిటి?

చనిపోయారన్నది నిజం, ఎంతమంది అన్నదాని మీద ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. సర్కారు లెక్క కొన్ని పదుల దగ్గర ఆగింది. కాంగ్రెస్ తరఫున విఠల్‌భాయ్ పటేల్ నాయకత్వంలో జరిగిన విచారణ అది వందకు పైనేనని తేల్చింది, ఆ నివేదికను ప్రభుత్వం నిషేధించింది. స్థానికంగా చెప్పుకునే సంఖ్యలు ఇంకా ఎక్కువ. కాబట్టి ఆ నిరాకరణ మారణకాండను ఆపిందని రాస్తే అది అతిశయోక్తి అవుతుంది.

అయితే రెండు ఫలితాలు స్పష్టంగా కనిపిస్తాయి. ఒకటి, తన దళాలను నమ్మలేని స్థితిలో ప్రభుత్వం సైన్యాన్ని నగరం నుంచి వెనక్కి తీసుకుంది, మే 4న గాని నగరం తిరిగి దాని అదుపులోకి రాలేదు. రెండు, ఆ సిపాయిల తుపాకుల నుంచి వెలువడవలసిన గుండ్లు వెలువడలేదు. 1919 ఏప్రిల్ 13న జలియన్‌వాలా బాగ్‌లో 50 మంది భారతీయ సైనికులు ఒక్కరూ మారుమాట్లాడకుండా ఆజ్ఞను పాటించారు, 1,650 గుండ్లు పేల్చారు, ప్రభుత్వ లెక్క ప్రకారమే 379 మంది చనిపోయారు. పదకొండేళ్ల తరువాత పెషావర్‌లో ఏం జరగలేదో అర్థం కావాలంటే అమృత్‌సర్‌లో ఏం జరిగిందో చూడాలి.

భయపడి వెనక్కి తగ్గి, తరువాత దానికి ఆదర్శం రంగు పూశారేమో?

ఈ అనుమానం అప్పట్లోనూ వచ్చింది. కాని భయమే కారణమైతే వాళ్లు ఎంచుకున్న దారి అర్థం కాదు. నిరాయుధుల మీద కాల్పులు జరిపితే సైనికుడికి వచ్చే ప్రమాదం చాలా తక్కువ, ఆజ్ఞను ధిక్కరిస్తే మాత్రం మరణశిక్ష దాకా వెళ్లవచ్చు. పైగా ఆ ఊరికి ఒక చరిత్ర ఉంది. 1857 జూన్‌లో ఇదే పెషావర్‌లో 55వ బెంగాల్ నేటివ్ ఇన్‌ఫాంట్రీకి చెందిన 40 మంది సిపాయిలను అందరూ చూస్తుండగా ఫిరంగులకు కట్టి పేల్చేశారు. 'మమ్మల్ని ఫిరంగులకు కట్టి పేల్చినా సరే, మా సోదరులను కాల్చం' అని గఢ్వాలీల్లో ఒకరు చెప్పినట్టు వచ్చిన మాట ఆ జ్ఞాపకంతో కలిపి చదివితే దాని బరువు తెలుస్తుంది. శిక్ష ఏమిటో తెలియక చేసిన పని కాదది.

## కోర్టు మార్షల్

ఎంతమందికి శిక్ష పడింది? ఉరిశిక్ష ఎలా తప్పింది?

అబ్బొట్టాబాద్‌లో జరిగిన కోర్టు మార్షల్‌లో 17 మందికి శిక్షలు పడ్డాయి. చంద్రసింగ్‌కు యావజ్జీవ ద్వీపాంతరవాసం విధించారు, ఆస్తి జప్తు చేశారు. మిగతావారికి 3 ఏళ్ల నుంచి 15 ఏళ్ల వరకు ఖైదు పడింది. ఇంకా చాలామంది సైన్యం నుంచి బర్తరఫ్ అయ్యారు. సైనికుల తరఫున వాదించినవారు గఢ్వాల్‌కే చెందిన బారిస్టర్ ముకుందీలాల్. వాళ్లు ఎవరి మీదా ఆయుధం ఎత్తలేదు, ఎవరినీ గాయపరచలేదు, తమను వదిలేయమని అడిగారు. దీన్ని సాయుధ తిరుగుబాటుతో సమానం చేయడం సబబు కాదన్న వాదన వారి ప్రాణాలు కాపాడటంలో ముఖ్యమైందని చెబుతారు. వాళ్లను ఉరితీస్తే గఢ్వాల్ కొండల్లో, ఇతర పటాలాల్లో ఏం జరుగుతుందోనన్న జంకు కూడా ప్రభుత్వానికి ఉండే ఉంటుందని నా అభిప్రాయం.

దీన్ని తిరుగుబాటు అనాలా, ఆజ్ఞా ధిక్కారం అనాలా?

సైనిక చట్టం ప్రకారం ఒకరికి మించిన సైనికులు కలిసి అధికారాన్ని ధిక్కరిస్తే అది తిరుగుబాటే అవుతుంది, ఆయుధం వాడారా లేదా అన్నది శిక్ష తీవ్రతకు సంబంధించిన విషయం. చట్టం భాషను పక్కనపెట్టి చూస్తే తిరుగుబాటు చేసినవాడు అధికారాన్ని తన చేతిలోకి తీసుకోవాలనుకుంటాడు. గఢ్వాలీలు అధికారాన్ని కోరలేదు, అధికారులను బంధించలేదు, ఆయుధాగారాన్ని పట్టుకోలేదు, పారిపోలేదు. ఆయుధాలు అప్పగించమంటే అప్పగించారు. ఒక పనిని చేయబోమన్నారు, దాని ఫలితాన్ని అనుభవించడానికి అక్కడే నిలబడ్డారు. అందుకే నేను నిరాకరణ అనే మాట వాడుతున్నాను.

వాళ్ల కుటుంబాలు ఏమయ్యాయి?

ఈ ప్రశ్నను వీరగాథలు సాధారణంగా దాటేస్తాయి. కొండ ఊళ్లలో పంటభూమి తక్కువ, సైన్యం జీతమూ పింఛనూ ఇల్లు గడవడానికి ఆధారం. చంద్రసింగ్‌కు శిక్ష పడినప్పుడు ఆస్తి జప్తు అంటే భార్యాపిల్లల కాళ్లకింద నేల కూడా పోయింది. బర్తరఫ్ అయిన సిపాయికి చెరసాల తప్పినా, ఏళ్ల తరబడి చేసిన సేవకు రావలసినది పోయింది. నిరాకరించినవాడు తన శిక్షను తాను ఎంచుకున్నాడని అనవచ్చు, వాడి భార్య, తల్లి, పిల్లలు ఎంచుకోలేదు. మనస్సాక్షి మాట విన్న ప్రతి మనిషి నిర్ణయంలోనూ ఈ అప్పు ఉంటుంది, అది తీర్చేది ఎక్కువగా ఇంట్లో ఆడవాళ్లు. గఢ్వాలీల త్యాగాన్ని తలచుకునేటప్పుడు ఆ ఇళ్లను లెక్కలోకి తీసుకోకపోతే అన్యాయం చేసినట్టే.

## ప్రమాణం, మనస్సాక్షి

జీతం తీసుకుని, ఉప్పు తిని, ఆజ్ఞ పాటించకపోవడం ద్రోహం కాదా?

ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోకూడదు, ఎందుకంటే గఢ్వాలీలు కూడా తేలిగ్గా తీసుకోలేదు. మాటకు కట్టుబడటం వాళ్ల సంస్కృతిలో పెద్ద విలువ, ఫ్రాన్స్ కందకాల్లో అదే విలువ కోసం వాళ్ల అన్నదమ్ములు ప్రాణాలిచ్చారు. సైనికుడు చేసే ప్రమాణంలో ప్రాణానికి తెగించైనా ఆజ్ఞ పాటిస్తానన్న మాట ఉంటుంది.

అయితే ఏ ప్రమాణమైనా కొన్ని విషయాలను ఊహించే చేస్తాం. శత్రువుతో పోరాడటానికి చేరిన మనిషి ముందు నిరాయుధ జనాన్ని నిలబెట్టి వీళ్లే శత్రువులంటే, ప్రమాణం చేసిననాటి అవగాహనను మార్చింది సైనికుడా, ఆజ్ఞ ఇచ్చినవాడా అన్నది అసలు ప్రశ్న. తన ప్రాణాన్ని ఇస్తానని మాట ఇవ్వడం వేరు, అమాయకుల ప్రాణం తీస్తానని మాట ఇవ్వడం వేరు. మొదటిది ఇచ్చే హక్కు మనిషికి ఉంది, రెండోది ఎవరికీ లేదు. లేని హక్కును తాకట్టు పెట్టిన ప్రమాణం ఆ మేరకు చెల్లదని నేను నమ్ముతాను. జీతం గురించి అయితే, 24న వాళ్లు అడిగింది తమను కొలువు నుంచి తప్పించమనే. ఉప్పు తింటూ ఇంటికి ద్రోహం చేసేవాడు ఆ ఇంట్లోనే ఉండి చాటుగా చేస్తాడు, వీళ్లు ఎదురుగా నిలబడి సెలవు అడిగారు.

గాంధీ వాళ్లను తప్పుబట్టారని విన్నాను. నిజమేనా?

నిజమే. లండన్ రౌండ్ టేబుల్ సమావేశం రోజుల్లో ఒక ఫ్రెంచి పాత్రికేయుడు గఢ్వాలీల గురించి అడిగినప్పుడు, కాల్చమన్న ఆజ్ఞను ధిక్కరించిన సైనికుడు తాను చేసిన ప్రమాణాన్ని భంగపరిచినట్టేనని, అది నేరపూరితమైన అవిధేయత అని గాంధీ జవాబిచ్చారు. రేపు అధికారం తమ చేతికి వస్తే ఇదే సైనికులను, ఇదే ఉద్యోగులను వాడుకోవలసి ఉంటుందని, ఇప్పుడు వారికి ధిక్కారం నేర్పితే అప్పుడూ అదే చేస్తారేమోనన్న భయం తనకు ఉందని కూడా చెప్పారు. ఆ సంభాషణ 1932లో అచ్చయింది.

అహింస పేరుతో దేశాన్ని కదిలించిన మనిషి, చంపడానికి నిరాకరించినవారిని తప్పుబట్టడం చాలామందికి మింగుడుపడదు. నాకూ పడదు. కాని ఆయన ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి. 1921 అక్టోబరులో గాంధీ, మరికొందరు నాయకులు సంతకం చేసిన ప్రకటన ప్రతి భారతీయ సైనికుడూ ప్రభుత్వంతో సంబంధం తెంచుకుని వేరే జీవనోపాధి చూసుకోవడం విధి అని చెప్పింది. అంటే సైన్యాన్ని వదిలి రావడం ఆయనకు సమ్మతమే, సైన్యంలో ఉంటూ ఆజ్ఞను మీరడం మాత్రం సమ్మతం కాదు. బయటికి రా, ఆ తరువాత నిరాకరించు అన్నది ఆయన నియమం. ఈ నియమంలో ఉన్న ఇబ్బంది ఒకటే. ఆజ్ఞ వచ్చిన క్షణానికి, రాజీనామా ఆమోదం పొందే రోజుకు మధ్య తుపాకి ముందు మనుషులు నిలబడి ఉంటారు. ఆ మధ్యకాలంలో సిపాయి ఏం చేయాలన్నదానికి గాంధీ అప్పుడు జవాబు చెప్పలేదు. సెలవు అడిగిన గఢ్వాలీలకు దక్కింది చెరసాల.

గాంధీ–ఇర్విన్ ఒప్పందంలో వేలమంది విడుదలయ్యారు. వీళ్లెందుకు కాలేదు?

1931 మార్చి 5 నాటి ఒప్పందంలో హింసకు పాల్పడని సత్యాగ్రహ ఖైదీలకు క్షమాభిక్ష లభించింది. కాని ఆజ్ఞలను ధిక్కరించిన నేరానికి శిక్షపడ్డ సైనికులకు, పోలీసులకు ఇది వర్తించదని అదే ఒప్పందంలో విడిగా రాశారు. అలాంటి కేసులు చాలా కొద్దిగానే ఉన్నాయన్న మాట కూడా ఆ వాక్యంలోనే చేర్చారు. ఆ కొద్దిమందిలో గఢ్వాలీలు ఉన్నారు. అహింసా నియమాన్ని ఉల్లంఘించిన వారికి క్షమాభిక్ష లేదంటే అర్థం చేసుకోవచ్చు, చంపనందుకు జైల్లో ఉన్నవారిని కూడా అదే తలుపు వెనుక వదిలేశారు. చర్చల్లో ఇచ్చిపుచ్చుకోవడాలు ఉంటాయి, వైస్రాయ్ ఇర్విన్ ఈ విషయంలో పట్టువిడిచేవాడు కాదన్నదీ ఊహించగలం. అయినా తమ పక్షాన నిలబడినందుకు శిక్ష అనుభవిస్తున్నవారిని కాంగ్రెస్ అక్కడే వదిలి ముందుకు సాగిందన్న చేదు నిజం మిగిలే ఉంటుంది.

గాంధీ తన అభిప్రాయాన్ని ఎప్పటికైనా మార్చుకున్నారా?

'నేను మారాను' అని గఢ్వాలీల పేరెత్తి ఆయన ఎక్కడైనా చెప్పినట్టు నేను చదవలేదు. కాని 1942 ఆగస్టు 8న బొంబాయి గోవాలియా ట్యాంక్ మైదానంలో చేసిన క్విట్ ఇండియా ప్రసంగంలో సైనికుల కోసం ఆయన చెప్పిన మాటలు శ్రద్ధగా చదవదగ్గవి. సైనికులు తమ కొలువులు వదలనక్కరలేదు. మా హృదయాలు కాంగ్రెస్‌తో ఉన్నాయి, మీ జీతం తీసుకున్నంత కాలం మీ న్యాయమైన ఆజ్ఞలను పాటిస్తాం, మా ప్రజల మీద మాత్రం కాల్చం అని ప్రభుత్వానికి చెప్పమన్నారు.

పన్నెండేళ్ల కిందట పెషావర్ సిపాయిలు చేసినది దాదాపు ఇదే. వాళ్లు ఇంకా ఒక అడుగు ముందుకు వేసి జీతం కూడా వద్దన్నారు. ఈ రెండు సందర్భాలను పక్కపక్కన పెట్టి చదివినవారు తక్కువ. నా మట్టుకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే ముఖ్యమైన విషయం ఇదే. ఏ నాయకుడి అనుమతీ లేకుండా, ఏ సిద్ధాంత గ్రంథమూ చేతిలో లేకుండా ఆ కొండ రైతుల పిల్లలు ఒక రాత్రిలో చేరిన చోటికి, అహింసను జీవితమంతా మథించిన మనిషి ఎన్నో ఏళ్ల తరువాత చేరారు.

ప్రతి సైనికుడూ మనస్సాక్షి పేరు చెబితే సైన్యం ఎలా నడుస్తుంది?

నడవదు, అది నిజమైన ప్రమాదమే. మతకలహం జరుగుతున్న ఊళ్లో ఇతర మతస్థులను కాపాడమని ఆజ్ఞ ఇస్తే, నా మనస్సాక్షి ఒప్పుకోదు అని ఒక సైనికుడు పక్కకు తప్పుకుంటే దాన్ని మనం మెచ్చుకోం. గాంధీ భయంలో ఈ కోణం కూడా ఉండి ఉండాలి, దాన్ని కొట్టిపారేయలేం.

అందుకని ప్రతి నిరాకరణనూ ఒకే గాటన కట్టకుండా కొన్ని ప్రశ్నలు అడగాలి. నిరాకరించినది ఒకరి ప్రాణం తీయడాన్నా, ఒకరి ప్రాణం కాపాడటాన్నా? నిరాకరించినవాడు దానివల్ల సుఖపడ్డాడా, నష్టపోయాడా? బాహాటంగా చెప్పాడా, చాటుగా తప్పించుకున్నాడా? ఎదుటివాడు తన మతంవాడే అయినా, తన ఊరివాడే అయినా అదే మాట అనేవాడా? గఢ్వాలీల విషయంలో ఈ చివరి ప్రశ్నకు జవాబు మరీ బలంగా ఉంది. వాళ్లు ఎవరికోసం అంత మూల్యం చెల్లించారో ఆ పఠాన్లతో వారికి మతం, భాష, ప్రాంతం ఏదీ కలవదు.

ఆజాద్ హింద్ ఫౌజ్‌లో చేరిన సైనికులూ ప్రమాణం తప్పినవారేగా? ఇద్దరిదీ ఒకటేనా?

ఒకటి కాదు. ఆజాద్ హింద్ ఫౌజ్ సైనికులు పాత ప్రమాణాన్ని వదిలి కొత్త ప్రమాణం చేసి ఆయుధాలతో యుద్ధానికి దిగారు. పెషావర్‌లోని గఢ్వాలీలు ఏ కొత్త సైన్యంలోనూ చేరలేదు, ఎవరి మీదికీ తుపాకి తిప్పలేదు. మలయా, సింగపూర్‌లలో పట్టుబడి తరువాత ఆజాద్ హింద్ ఫౌజ్‌లో చేరినవారిలో గఢ్వాల్ రైఫిల్స్ సైనికులు గణనీయంగా ఉన్నారు కాబట్టి ఈ రెండింటినీ కలిపి చెప్పడం అలవాటైంది.

## తరువాతి జీవితం, నేటి చట్టం

చంద్రసింగ్ జైలు నుంచి వచ్చాక ఏం చేశారు?

పదకొండేళ్లకు పైగా జైళ్లు మారుతూ గడిపి 1941లో విడుదలయ్యారు. సొంత గఢ్వాల్‌లో అడుగుపెట్టడానికి అనుమతి లేకపోవడంతో బయటే తిరగవలసి వచ్చింది, కొంతకాలం వార్ధాలో గాంధీ ఆశ్రమంలో ఉన్నారు. తన చర్యను నేరమన్న మనిషి ఆశ్రమంలో ఆయన ఉండటం, ఆ మనిషి ఆయనను ఆదరించడం ఇద్దరి గురించీ మంచి మాటే చెబుతుంది. 1942 ఉద్యమంలో పాల్గొని మళ్లీ జైలుకు వెళ్లారు. జైళ్లలో పరిచయమైన విప్లవకారుల ప్రభావంతో కమ్యూనిస్టు అయ్యారు. సొంత కొండలకు తిరిగి చేరేసరికి 1946 వచ్చింది. 1979 అక్టోబరు 1న కన్నుమూశారు.

స్వతంత్ర భారతం ఆయనను గౌరవించిందా?

ఆలస్యంగా. 1994లో తపాలా బిళ్ల వచ్చింది. ఉత్తరాఖండ్ ఏర్పడ్డాక శ్రీనగర్ గఢ్వాల్‌లోని ప్రభుత్వ వైద్య కళాశాలకు, పర్యాటక రంగంలో స్వయం ఉపాధి పథకానికి ఆయన పేరు పెట్టారు. బతికి ఉన్నప్పుడు మాత్రం ఆయన జీవితం ఇబ్బందుల్లోనే గడిచింది. ఆజ్ఞ ధిక్కరించిన సైనికుడిని ఎంత దూరం కీర్తించాలన్నది ఏ ప్రభుత్వానికైనా, సొంత సైన్యం ఉన్న ఏ దేశానికైనా ఇరకాటమే. ఆయనతోపాటు శిక్షపడ్డ మిగతా 16 మంది పేర్లు గఢ్వాల్ దాటితే దాదాపు ఎవరికీ తెలియవు, అది నన్ను బాధించే విషయం.

ఈనాడు భారత సైనికుడు ఇలాంటి ఆజ్ఞను నిరాకరిస్తే చట్టం ఏమంటుంది?

మన సైన్యంలో నిర్బంధ సైనిక సేవ లేదు, ఇష్టపడి చేరినవారే ఉంటారు. బ్రిటన్‌లో 1916లో నిర్బంధ సేవ చట్టం తెచ్చినప్పుడు మనస్సాక్షి కారణంగా మినహాయింపు కోరే వీలు కల్పించారు, ఆ తరహా ఏర్పాటు మన చట్టంలో లేదు. 1950 నాటి సైనిక చట్టం 41వ సెక్షన్ కింద పైఅధికారి ఇచ్చిన చట్టబద్ధమైన ఆజ్ఞను ధిక్కారపూర్వకంగా ఉల్లంఘిస్తే గరిష్ఠంగా 14 ఏళ్ల శిక్ష పడవచ్చు, 37వ సెక్షన్ కింద తిరుగుబాటుగా తేలితే మరణశిక్ష కూడా ఉంది. ఇక్కడ 'చట్టబద్ధమైన' అన్న మాట కీలకం, చట్టవిరుద్ధమైన ఆజ్ఞను పాటించవలసిన బాధ్యత సైనికుడికి లేదు.

మరోవైపు చట్టానికి అనుగుణంగా ఇచ్చిన ఆజ్ఞ మేరకు గుంపు మీద కాల్పులు జరిపిన సైనికుడు నేరం చేసినట్టు కాదని పాత శిక్షాస్మృతి 76వ సెక్షన్ ఉదాహరణగా చెప్పింది, 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 14వ సెక్షన్‌గా కొనసాగుతోంది. అంటే కాల్చినవాడికైనా కాల్చనివాడికైనా రక్షణ ఆ ఆజ్ఞ చట్టబద్ధమా కాదా అన్నదాని మీదే ఆధారపడుతుంది. అది తేల్చేది తరువాతెప్పుడో కోర్టులు, తేల్చుకోవలసినది మాత్రం అప్పటికప్పుడు సిపాయి. నిరాకరించిన సైనికుడి విచారణ సైనిక న్యాయస్థానంలో జరుగుతుంది. ఆ తీర్పు మీద సాయుధ దళాల ట్రిబ్యునల్‌కు అప్పీలు చేసుకునే హక్కు 2007 నాటి చట్టం ద్వారా వచ్చింది. పెషావర్ సిపాయిలకు అలాంటి అప్పీలు దారి ఏదీ ఉండేది కాదు.